ఆపదవేళ కంపెనీవారి మాట

గతమాసమున మన సంఘపు పాలకవర్గ సమావేశమునందు ఒక చిన్న తీర్మానము చర్చకు వచ్చి, తేలక, రాబోవు మహాజనసభకు వాయిదా పడినది. సంఘపు గిడ్డంగినుండి అమ్మిన విత్తనముమీద గాని, మందుమీద గాని, ఎరువుమీద గాని రైతు ఎవరైన ఫిర్యాదు తెచ్చినయెడల, ఆ సరకు పేరును లాటు నంబరును ఆనాడే గిడ్డంగి బోర్డుమీద వ్రాసి, నిజము తేలువఱకు అమ్మకము నిలుపవలెననునది ఆ తీర్మానము. ఇందువలన సంఘము పరువు పోవుననియు, కంపెనీవారు వ్యాజ్యెము వేయుదురనియు, రుజువు కాకమునుపే తప్పు ఒప్పుకొన్నట్లగుననియు కొందఱు పెద్దలు అభ్యంతరము చెప్పిరి. వారు మాకు పూజ్యులు. వారి భయము ఉత్తదని మేము అనజాలము. ఐనను ఈ విషయమున మా అభిప్రాయమును విన్నవించుకొనుట మా విధియని తలచుచున్నాము. ఏలయన ఆ తీర్మానమునకు మూలమైన సంగతిలో మా తప్పును కొంత కలదు.

మూడేండ్ల క్రిందట, మిరప నారుమళ్ల కాలమున, మన గిడ్డంగికి ఒక కంపెనీ మందు వచ్చినది. కంపెనీ పేరు ఇచట అనవసరము. ప్రదర్శన మడిలో దానిని మేమే చల్లించి చూపితిమి, బాగుగనే పనిచేసినది. తరువాత వచ్చిన పెట్టెలలోని మందు చల్లిన నలుగురు రైతుల నారు మూడవనాటికి ఆకు మాడి, మొవ్వు ముడుచుకొనిపోయినది. మేము పోయి డబ్బాలు చూడగా నాలుగును ఒకే లాటువి. వెంటనే కంపెనీ ప్రతినిధికి ఫోను చేసితిమి. ఎండలు ముదిరినవనియు, తడి చాలలేదేమో చూడవలసినదనియు, తమవారు వచ్చి పరీక్షించువఱకు ఎవరితోను ఏమియు అనవలదనియు ఆయన చెప్పెను. మేమును అట్లే ఊరకుంటిమి. 9వ నాడు ఇద్దఱు కారులో వచ్చి, ఫొటోలు తీసికొని, ఆంగ్లమున వ్రాసిన కాగితముమీద రైతులచేత సంతకములు చేయించుకొని పోయిరి. 31వ నాడు ఉత్తరము వచ్చినది. తమ సరకు కఠినమైన పరీక్షలు దాటి వచ్చినదనియు, రైతు క్షేమమే తమకు ముఖ్యమనియు, వాతావరణ కారణములను కాదనుటకు వీలులేదనియు అందుండెను. ఆ లాటు డబ్బాలు ఇంట నున్నవారు వానిని చల్లవచ్చునా, చల్లరాదా యను ప్రశ్నకు మాత్రము అందు జవాబు లేదు.

ఈలోపల, మేము నోరు మెదపని ఆ తొమ్మిది దినములలో, అదే లాటు మందును మఱి ఆఱుగురు తీసికొనిపోయి చల్లియుండిరి. వారిలో ఒక వృద్ధుడు మడిగట్టున కూర్చుండి మాతో అన్నమాట నేటికిని చెవులలో నున్నది. “అయ్యా, తప్పు మందుదో ఎండదో మీరు మీరు తరవాత తేల్చుకుందురుగాని. చల్లొద్దని ఒక్క మాట అనుంటే నా మడి నాకు మిగిలేది గదా!” దానికి మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ దోషము మందుదో, ఎండదో నిజముగ నేటికిని తేలలేదు. తేలనక్కఱలేని సంగతి ఆ వృద్ధుడు చెప్పినదే.

అది మొదలు, పెద్ద కంపెనీలు పెద్ద ఆపదలలో ఎట్లు మాటలాడినవో తెలిసికొనవలెనని మాకు కోరిక పుట్టి, దొరికినంతవఱకు చదువుచు వచ్చితిమి. రైతులకు దగ్గఱి సంగతి కనుక భోపాలుతో మొదలిడెదము. అచటి యూనియన్ కార్బైడు కర్మాగారము తయారుచేసినది మఱేమియు కాదు, పైరులపై చల్లు సెవిన్ అను పురుగుల మందు. దానినే కార్బరిల్ అందురు. దాని తయారునకు వలయు మిథైల్ ఐసోసయనేటు అను విషద్రవ్యమును అచట పెద్ద ట్యాంకులలో నిలువ యుంచుచుండిరి. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి ఒక ట్యాంకులోనికి నీరు చేరి, ద్రవ్యము వేడెక్కి మరగి, దాదాపు 40 టన్నుల విషము వాయురూపమున ఊరిమీదికి వెడలెను. కాపుదలకై ఏర్పఱచిన శీతలయంత్రము అంతకుముందే ఆపివేయబడియుండెను. వాయువును కాల్చివేయవలసిన గొట్టము మరమ్మతుకై విడదీయబడియుండెను. ఈ సంగతులు లోకమెఱిగినవే. మేము చెప్పదలచినది ఆ రాత్రి నడిచిన మాటల సంగతి.

ఊరివారికి వినబడు పెద్ద సైరను కొద్ది నిమిషములు మ్రోగి ఆగిపోయెను. చిన్న చిన్న వాయుస్రావములకు జనులు కలవరపడరాదని దానిని త్వరగా ఆపుట అచటి పద్ధతి. పోలీసులు ఫోనుచేసి అడుగగా అంతయు సవ్యముగనే యున్నదని జవాబు వచ్చినది. వేలకొలది జనులు కన్నులు మండి, ఊపిరాడక ఆసుపత్రికి వచ్చి పడుచుండ, వైద్యులు మొదట అమోనియా యనుకొనిరి, పిదప ఫాస్జీను అనుకొనిరి. చివరకు దాని పేరు తెలిసినను, అట్టి వాయువు పేరే వారు విని యుండలేదు, దానికి విరుగుడేమో చెప్పినవారు లేరు. కర్మాగారపు వైద్యాధికారి అది కన్నీటివాయువు వంటిదని చెప్పెను. ముఖమునకు తడిగుడ్డ కప్పుకొనుడు, గాలివాలున పరుగెత్తక అడ్డముగా పొండు అను రెండు మాటలు ఆ తొలిగంటలో ఎవరైన చాటియుండినచో ఎందఱో బ్రతికియుందురని తరువాత తెలిసినవారు వ్రాసిరి. రెండు మాటలు! వానికి డబ్బు ఖర్చు లేదు, ఏ న్యాయవాది అనుమతియు అక్కఱలేదు.

మృతులు 2,259 మందియని ప్రభుత్వము తొలుత చెప్పినది. 3,787 మందియని మధ్యప్రదేశ్ ప్రభుత్వము తరువాత ధ్రువపఱచినది. బాధితుల సంఘములవారి లెక్కలు ఇంతకు అనేక రెట్లు. గాయపడినవారు 5 లక్షలకు పైబడియుందురు. ముందు హెచ్చరికలు లేకపోలేదు. 1981 డిసెంబరులో ఫాస్జీను సోకి ఒక కార్మికుడు ఆ కర్మాగారముననే మరణించెను. 1982 మేలో అమెరికానుండి కంపెనీ నిపుణులే వచ్చి లోపములను వ్రాసికొనిపోయిరి. ఆ వ్రాత గోడకు ఆవలనున్న గుడిసెలవారికి చేరలేదు. అదే ఏట రాజ్‌కుమార్ కేస్వానీ అను స్థానిక పత్రికారచయిత తన చిన్న వారపత్రికలో ఈ ఊరిని కాపాడుడని మొఱపెట్టుకొనెను. ఆలకించినవారు లేరైరి.

తరువాత కంపెనీ మాట మఱియొక త్రోవ పట్టినది. అసంతృప్తుడైన కార్మికుడొకడు కావలెననియే ట్యాంకులో నీరు కలిపెనని కంపెనీవారు వాదించిరి. అది ఏ న్యాయస్థానమునందును రుజువు కాలేదు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. 2001లో డౌ అను కంపెనీ యూనియన్ కార్బైడును కొనినది. ఇచట ఒక వింతను చెప్పక విడువలేము. 2004 డిసెంబరు 3వ తేదిన, సరిగా 20 ఏండ్లు నిండిననాడు, బీబీసీ వార్తలలో ఒకడు తాను డౌ ప్రతినిధినని చెప్పికొని, కంపెనీ బాధ్యత యంతయు ఒప్పుకొనుచున్నదనియు 1,200 కోట్ల డాలర్లు ఇయ్యనున్నదనియు ప్రకటించెను. అతడు వేషగాడు. కంపెనీ షేరు ధర పడిపోయినది. అంతట కంపెనీవారు, తాము అట్టిదేమియు ఒప్పుకొనలేదని, అట్టిదేమియు ఇయ్యబోవుట లేదని త్వరత్వరగా స్పష్టము చేసిరి. భోపాలు ప్రజలు 20 ఏండ్లు ఎదురుచూచిన మాట నోటికి రాలేదు గాని, ఆ మాట తాము అనలేదను మాట గంటలలో వచ్చినది. వేషము వేసి మోసపుచ్చుటను మేము మెచ్చము. కాని ఎవరికొఱకు కంపెనీ నోరు త్వరగా తెఱచునో దానివలన బయటపడినది.

ఇక దీని ప్రక్కన, అంతకు రెండేండ్ల ముందు అమెరికాలో జరిగిన మఱియొక సంగతిని ఉంచి చూతము. టైలెనాల్ అనునది ఆ దేశమున తలనొప్పికి, జ్వరమునకు వాడు మందు. మనయూళ్లలో పారాసెటమాల్ అనునదే అది. 1982 సెప్టెంబరు చివర చికాగో ప్రాంతమున ఆ క్యాప్సూళ్లు మ్రింగినవారు ఏడుగురు మరణించిరి. ఎవడో దుర్మార్గుడు దుకాణములలోని సీసాలు తెఱచి సయనైడు కలిపెను. వాడెవడో నేటివఱకు పట్టుబడలేదు. తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీవారు, దోషము తమదో కాదో తేలకమునుపే, ఆ మందును ఎవరును మ్రింగవలదని దేశమంతట చాటించిరి. అక్టోబరు మొదటివారమున దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు రప్పించిరి. వాని వెల 10 కోట్ల డాలర్లకు పైమాట. ప్రజలు అడుగుటకు ఉచిత ఫోను పెట్టిరి. కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ బర్క్ స్వయముగా పత్రికలవారి ముందునకు వచ్చెను.

అందు మాకు ఎక్కువ నచ్చినది ఒక చిన్న సంగతి. తమ కర్మాగారమున సయనైడు లేనేలేదని కంపెనీవారు మొదట పత్రికలతో అనిరి. తీరా విచారింపగా, పరీక్షశాలలో సరకు నాణ్యము చూచుటకు అది కొద్దిగా వాడబడుచుండెను. మనవంటివారము అట్టి స్థితిలో ఏమి చేయుదుము? తొలిమాటనే పట్టుకొని యుందుము. వారు ఆ సంగతి ఒప్పుకొని, తొలిమాటను దిద్దుకొనిరి. ఆ దిద్దుబాటువలన వారి మాటకు విలువ తగ్గలేదు. కొద్ది వారములకే మూడు సీళ్లు వేసిన క్రొత్త సీసాలతో మందు మరల దుకాణములకు వచ్చినది. జనులు మరల కొనిరి.

ఇచట చదువరులు ఒక ఆక్షేపణ చేయవచ్చును, అది న్యాయమైనదే. ఆ కంపెనీ తప్పు చేయలేదు, బయటివాడు చేసెను, కనుక మాటలాడుట సులభమైనది. తప్పు ఇంటిలోనే ఉన్నప్పుడు అట్లే మాటలాడుదురా? దీనికి అదే కంపెనీ చరిత్రలోనే జవాబు కలదు. పిల్లలకు పూయు టాల్కు పొడిలో ఆస్బెస్టాసు జాడలు పరీక్షలలో కనబడిన సంగతి ఆ కంపెనీకి దశాబ్దములుగా తెలియునని 2018 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ప్రకటించినది. కంపెనీవారు దానిని ఖండించి, తమ పొడి నిరపాయమనియే చెప్పుచు వచ్చిరి. వేలకొలది వ్యాజ్యెములు నడచుచుండ, 2020లో అమెరికాలోను కెనడాలోను, 2023లో తక్కిన ప్రపంచమునను ఆ టాల్కు పొడి అమ్మకము మానిరి. 1982 నాటి మంచి పేరు కంపెనీని ఎల్లకాలము కాపాడలేదు. ఒక కంపెనీని మంచిదని, ఒకదానిని చెడ్డదని పేరుపెట్టి నమ్ముటకంటె, ఈ వేళ, ఈ సరకుమీద, మనకు ఏమి చెప్పినదని అడుగుట మేలని మేము గ్రహించితిమి.

మన విశాఖపట్టణమునే చూడుడు. 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున, అంటువ్యాధి కారణమున కొన్ని వారములు మూసియుండిన ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి, ప్రక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురముమీదికి వచ్చినది. 12 మంది మరణించిరి. పశువులు కట్టుకొయ్యలవద్దనే పడిపోయెను. ఊరివారిని లేపినది సైరను కాదు, ఆ ఘాటు వాసన. సైరను మ్రోగించుటకు కర్మాగారమున 36 తావులున్నను ఒక్కచోటను మ్రోగింపలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తన నివేదికలో వ్రాసినది. కొలది దినములకే కంపెనీవారు క్షమాపణ చెప్పిరి. బాధితులకు అండగా నుందుమనిరి. క్షమాపణను మేము చిన్నచూపు చూడము. కాని భోపాలు జరిగిన 35 ఏండ్లకు, మన గడ్డమీద, మరల అదే లోపము: బొత్తాము నొక్కవలసిన చేయి ఆడలేదు. క్షమాపణ వ్రాయుటకు మనుష్యులు దొరకిరి, సైరను మ్రోగించుటకు దొరకలేదు.

ఇట్టి సమయములందు వెలువడు ప్రకటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినచో ఒక సంగతి తెలియును. పరిస్థితి అదుపులో నున్నది. విచారణ జరుగుచున్నది గనుక ఏమియు చెప్పజాలము. బాధితులకు మా ప్రగాఢ సానుభూతి. ఈ మూడు మాటలును చాలవఱకు నిజములే కావచ్చును. ఐతే అవి న్యాయస్థానము వినుటకు, వాటాదారులు వినుటకు, ప్రభుత్వము వినుటకు కూర్చబడినవి. గోడకు ఆవల నున్నవాడు, డబ్బా మూత తీయబోవువాడు వినవలసినది వానిలో లేదు. తప్పెవరిది యను మాట ఒకటి, ఇప్పుడేమి చేయవలె నను మాట ఒకటి. మొదటిదానికి నెలలు పట్టును, ఏండ్లు పట్టును; పట్టనిండు. రెండవదానికి గంట ఆగుటకును వీలులేదు. ఈ రెంటిని ఒకే మూటలో కట్టి, మొదటిది తేలువఱకు రెండవదానిని గూడ దాచుటయే కీడునకు మూలము. మూడేండ్ల క్రిందట మేము చేసినదియు ఇదియే.

మేము చిన్నతనమున చదివిన మిషను పాఠశాలలో ఒకనాడు బావిలో పిల్లి పడి చచ్చినది. మూత తీసి పెట్టినవాడెవడో తెలిసికొనుటకు ప్రధానోపాధ్యాయులవారు మఱునాడు మమ్ములనందఱిని వరుసగా నిలిపి విచారించిరి. కాని సంగతి తెలిసిన క్షణముననే చేసిన పని వేఱు: ఒక పలకమీద “త్రాగరాదు” అని వ్రాయించి గిలకకు కట్టించిరి. మూత తీసినవాడు దొరకనేలేదు. పలక కట్టినందున మా బడి పరువు పోయినదని ఊరిలో ఎవరును అనగా మేము వినలేదు.

పెద్దల అభ్యంతరమునకు మా జవాబు ఇదే. బోర్డుమీద ఏమి వ్రాయవలెనో జాగ్రత్తగా చూచుకొందము. ఫలాని మందు కల్తీయని గాని, ఫలాని కంపెనీ మోసము చేసెనని గాని వ్రాయనక్కఱలేదు. అట్లు వ్రాయుట తప్పు కూడ. ఈ విధముగ వ్రాసిన చాలును: “ఫలాని మందు, ఫలాని లాటు. చల్లిన నలుగురి మళ్లలో ఆకు మాడినది. కారణము ఇంకను తెలియదు. తెలియువఱకు ఈ లాటు చల్లవలదు. ఇంట నున్న డబ్బాలు తెచ్చి ఇచ్చినచో రసీదు ఇయ్యబడును.” ఇందు ప్రతిమాటయు నిజము. తెలియనిదానిని తెలియదని చెప్పుటయు నిజమే. అదే దినమున అవే మాటలను కంపెనీకిని, వ్యవసాయాధికారికిని పంపవలెను. పురుగుల మందుల చట్టము ననుసరించి నమూనా తీయించుట వారి పని. కారణము కంపెనీది కాదని తేలినచో, అదే బోర్డుమీద, అంతే పెద్ద అక్షరములతో ఆ మాటయు వ్రాయవలెను. కంపెనీవారికి ఇంతకంటె న్యాయము మఱేమి కావలెను?

వ్యాజ్యెముల మాట వచ్చినది గనుక ఒక సంగతి తెలుపుట మంచిది. నేషనల్ సీడ్స్ కార్పొరేషనుకును తెలుగు రైతులకును నడిచిన వివాదమున, విత్తనము కొనిన రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు 2012లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పరీక్షకై కొంత విత్తనము రైతు దాచియుంచవలసినదను వాదమును కోర్టు ఒప్పుకొనలేదు. తెచ్చిన విత్తనమంతయు చల్లుకొనువాడు రైతు. ఐనను బిల్లును, ఖాళీ డబ్బాను, సంచి చీటిని పంట చేతికి వచ్చువఱకు పాఱవేయవలదని మేము ప్రతి ప్రదర్శనలోను చెప్పుచునే యున్నాము. ఆ నాలుగు మళ్లలో మూడింటివారి వద్ద డబ్బాలు మిగిలియుండుటచేతనే లాటు ఒకటేయని నిశ్చయముగా తెలిసినది. నాలుగవవాని డబ్బాను వాని మనుమడు ఈతకాయలకు తీసికొనిపోగా చెఱువుగట్టున వెదకి తెచ్చితిమి.

ఇంకొక కోరిక. మనకు సరకు అమ్ము కంపెనీలతో ఒడంబడిక వ్రాసికొనునప్పుడు, ఫిర్యాదు చేరిన రెండు దినములలో “వాడవచ్చునా, వాడరాదా” యను ప్రశ్నకు తెలుగున జవాబు ఇయ్యవలెనను షరతు ఒకటి చేర్చవలెనని మా మనవి. మొదట కొందఱు ఒప్పుకొనకపోవచ్చును. సంఘము ఏటేట కొను సరకు చిన్నది కాదు, ఒప్పుకొనువారు దొరకుదురు.

మహాజనసభలో తీర్మానమునకు అనుకూలముగా మేము మాటలాడెదము. మూడేండ్ల క్రిందటి మా మౌనమును గూర్చియు అచట చెప్పెదము, ఎవరైన అడిగినను అడుగకపోయినను. ఖర్చు సంగతి యడిగిన సభ్యులకు ఇప్పుడే తెలుపుచున్నాము: క్రొత్త బోర్డు కొననక్కఱలేదు. గిడ్డంగి తలుపు ప్రక్కన ఒకటి ఇదివఱకే కలదు. దానిమీద రెండేండ్లనాటి ఎరువుల ధరలు ఇంకను అట్లే యున్నవి.